కదలని కారే కొంప ముంచుతుంది

చుండూరు, మోదుకూరు, వలివేరు, ఎడ్లపల్లి, ఆలపాడు, మండూరు ఊళ్లలో కారున్న ప్రతి ఇంటికీ, కారు లేకపోయినా పెళ్లికో తిరపతికో పక్కింటివాళ్ల కారెక్కే ప్రతి మనిషికీ విజ్ఞప్తి



ఇది చందాల కరపత్రం కాదు. ఓట్ల కరపత్రం అంతకన్నా కాదు. వచ్చే ఆదివారం పొద్దున కాఫీ తాగాక మీ కారు దగ్గర ఒక్క అరగంట నిలబడమని అడగడానికి రాసింది. పైసా ఖర్చు లేదు. పాత చొక్కా వేసుకుంటే చాలు.

రాసింది ఎవరంటే, ఇరవై ఏడేళ్లుగా ఇక్కడ అద్దెకు కారు తోలుతున్నవాణ్ణి. మొదట అంబాసిడర్, తర్వాత ఇండికా, ఇప్పుడు డిజైర్. మీలో చాలామంది పెళ్లిళ్లకీ పురుళ్లకీ గుంటూరు ఆస్పత్రులకీ నా బండే ఎక్కారు. ఈమధ్య నన్ను పిలవడం తగ్గింది. మీకే కార్లొచ్చాయి, సంతోషం. కడుపుమంటతో రాస్తున్నాడని ఎవరైనా అంటే కాదనను, కొంచెం ఉంది. అయినా చెప్పాల్సింది చెప్పాలి.

నా బండి రోజూ తిరుగుతుంది. ఏ మూల కిర్రుమన్నా సాయంత్రానికి నా చెవిన పడుతుంది. మీ బండి అలా కాదు. ఆరు రోజులు వేపచెట్టు కిందో రేకుల షెడ్డులోనో నిలబడి ఉంటుంది. ఏడో రోజు ఏడుగురిని ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాను కుక్కుకుని, రాత్రి పదకొండింటికి హైవే ఎక్కుతుంది. "మా కారెక్కడ తిరుగుతుందిలే, కొత్తదానిలా ఉంది, సర్వీసెందుకు" అని అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్లు ప్రతి బజారులోనూ ఉన్నారు. నేను సరిగ్గా దానికి ఎదురు చెబుతున్నాను. తిరగదు కాబట్టే చూసుకోవాలి. ఎండాకాలమంతా కొట్టంలో నిలబడ్డ ఎడ్లని మన తాతలు తొలకరిలో మొదటిరోజే పూర్తి బరువుకి కట్టేవాళ్లా? గిట్టలు చూసి, మెడ తడిమి, ఉత్త కాడితో నాలుగడుగులు నడిపించాకే కదా పొలానికి తోలింది. ఎద్దుకిచ్చిన మర్యాద ఎనిమిది లక్షల బండికి ఇవ్వడం లేదు మనం.

ముందు వంగి టైర్లు చూడండి

గాలి సంగతి. డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే స్తంభం మీద ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. కొన్ని బండ్లకి పెట్రోలు మూత లోపల ఉంటుంది. ఏ టైరుకి ఎంత గాలి కొట్టాలో దాని మీదే రాసి ఉంటుంది. ఇద్దరెక్కితే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని రెండు లెక్కలుంటాయి. మనం ఎప్పుడూ నిండా ఎక్కేవాళ్లమే కాబట్టి రెండో లెక్కే మనది. గాలి కొట్టే కుర్రాడు "ముప్పై అయిదు వేసేనా అన్నా" అంటే ఊ కొట్టెయ్యకండి. వాడికి మీ బండి తెలియదు, స్టిక్కర్‌కి తెలుసు.

మన వైపు పాతుకుపోయిన పిచ్చి నమ్మకం ఒకటుంది. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించుకుంటారు. అది పేలకుండా ఆపడం కాదు, పేలేట్టు చెయ్యడం. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ నలుగుతాయి. నలిగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. పైన నలభై మూడు డిగ్రీల ఎండ, కింద కాలిన తారు, లోపల ఏడుగురి బరువు. ఇక అది చిలకలూరిపేట దాటేదాకా ఆగితే గొప్పే. ఎండాకాలమైనా వానాకాలమైనా స్టిక్కర్ మీద ఉన్నంతే, అదీ బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వేడెక్కిన టైరులో గాలి లెక్క నాలుగయిదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసెయ్యకండి. నైట్రోజన్ కోసం తెనాలి దాకా పోనక్కర్లేదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఇక వయసు. టైరు పక్కన డాట్ అనే మూడక్షరాలతో మొదలయ్యే వరసలో చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం పుట్టిందని. గోళ్లు తగలనంత గాడి లోతున్నా, ఆరేళ్లు దాటితే రబ్బరు ఎండిపోయి పక్కల్లో వెంట్రుకల్లాంటి బీటలు తీస్తుంది. తిరగని కారు టైరు అరగదు, ముసలిదవుతుంది. మన దగ్గర ఏపీ 07 నంబరు బండ్లు ఇంకా బోలెడున్నాయి. 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఒకే 39 వచ్చింది కాబట్టి, 07 కనపడిందంటే దానికి ఆరేళ్లు నిండినట్టే. ఆ బండ్ల డిక్కీలో స్టెప్నీ ఒక్కసారి బయటికి తీసి చూడండి. సగం మంది షోరూములో ఇచ్చిన రోజు నుంచీ దాన్ని ముట్టుకోలేదు. అందులో గాలి ఉండదు. జాకీ తుప్పు పట్టి తిరగదు. రాత్రి రెండింటికి ఒంగోలు దాటాక ఈ సంగతి తెలుసుకోవడం కంటే ఆదివారం పొద్దున ఇంటి ముందు తెలుసుకోవడం మేలు కదా.

గాడిలో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు అది. నేనైతే అంతదాకా పోనివ్వను. జులైలో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనప చక్రాలతోనే రోడ్డెక్కుతాయి, రేగడి బురద ముద్దలు ముద్దలుగా తారు మీద రాలుస్తాయి. దాని మీద ఒక జల్లు పడిందంటే రోడ్డు మీద వెన్న పూసినట్టే. గుండు టైర్లతో అక్కడ బ్రేకు కొడితే బండి ఆగదు, తిరుగుతుంది.

బానెట్ ఎత్తండి

ఎత్తేముందు రెండుసార్లు తట్టండి. నవ్వులాట కాదు. వరి కోతలయ్యాక పొలాల్లో ఎలుకలన్నీ ఊళ్లోకొస్తాయి. నిలబడ్డ ఇంజన్ వాటికి వెచ్చటి ఇల్లు. ఎలుక ఉన్నచోటికి దాన్ని వెతుక్కుంటూ ఇంకోటి వస్తుంది, దాని పేరు రాత్రిపూట ఎత్తకూడదు. పోయిన సంక్రాంతికి హైదరాబాదు నుంచొచ్చిన ఒక కుర్రాడి బండి మూడు రోజులు నిలబడింది. నాలుగో రోజు సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన అరిసె ముక్క, సగం కొరికిన జంతిక, కింద వైర్ల కట్ట మీద పళ్లగాట్లు, రాగి తీగ మెరుస్తూ బయటికొచ్చింది. తీగలు ఒకదానికొకటి తగిలుంటే స్టార్ట్ కాకపోవడం కాదు, బండే తగలబడేది. పొగాకు కాడలు కడితే కొన్నాళ్లు రావు, వాసన పోగానే మళ్లీ మొదలు. వారానికోసారి బండి తిప్పడం, వడ్ల బస్తాల పక్కన బండి పెట్టకపోవడం, ఇవి రెండే నాకు తెలిసి పనిచేసిన మందులు.

వారానికోసారి తిప్పడమంటే ఇంటి ముందు స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు గుడగుడలాడించడం కాదు. సెల్ఫ్ లాగేసుకున్న కరెంటు అయిదు నిమిషాల్లో బ్యాటరీకి తిరిగిరాదు. తెనాలి పోయి కూరగాయలు తెచ్చుకోండి, అమృతలూరు పోయి బంధువుల్ని చూసి రండి. ఇరవై నిమిషాలు చక్రాలు దొర్లాలి. బ్యాటరీ నిండుతుంది, బ్రేకు డిస్కుల మీద పట్టిన తుప్పు రాలిపోతుంది, టైరు ఒకే చోట చదును కాకుండా ఉంటుంది. బ్యాటరీ కొసల మీద తెల్లగా పొడి కడితే వేడి నీళ్లు పోసి పాత బ్రష్‌తో రుద్దండి. సూర్యలంక, నిజాంపట్నం వైపు తరచూ పోయే బండ్లయితే తిరిగొచ్చాక అడుగున మంచినీళ్లతో కడగండి. సముద్రపు ఇసకలోకి కారు దింపి ఫొటోలు దిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

ఇంజన్ ఆయిలు పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. రెండు గీతల మధ్య ఉండాలి. మామూలుగా పదివేల కిలోమీటర్లకో ఏడాదికో ఏది ముందొస్తే అప్పుడు మార్చమంటారు. మన బండ్లకి ఏడాదే ముందొస్తుంది, ఎవరూ మార్చరు. కూలెంట్ డబ్బా మీద కూడా రెండు గీతలే. తగ్గిందని ఊరికే బోరు నీళ్లు పోస్తూ పోతే రేడియేటర్ లోపల గచ్చు కడుతుంది. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి. లోపల ఒత్తిడి మీద మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఈ తప్పు చేసినవాళ్లని చూశాను. ఆ మచ్చ జీవితాంతం పోదు.

బ్రేక్ ఆయిలు గురించి కొంచెం పొడుగ్గా చెప్పనివ్వండి

ఎందుకంటే చావు తప్పి కన్ను లొట్టపోయింది దీని దగ్గరే. శివరాత్రి వెళ్లాక మా బావమరిది కుటుంబాన్ని వాళ్ల కారులోనే కోటప్పకొండ తీసుకెళ్లాను. బండికి ఎనిమిదేళ్లు, తిరిగింది ముప్పై వేలు. అంతకు నెల ముందే ఒక షెడ్డులో సర్వీసు చేయించారు, బిల్లులో బ్రేక్ ఆయిలు మార్చినట్టు కూడా ఉంది. దిగేటప్పుడు ముందు ఒక బస్సు, దాని వెనక మేము. మూడు మలుపులు బ్రేకు మీదే దిగాను, నాదే తప్పు. నాలుగో మలుపులో ముక్కుకి కాలిన వాసన తగిలింది. అయిదో మలుపులో పెడల్ మీద కాలేస్తే మెత్తగా, తడి గోనెసంచి మీద కాలేసినట్టు, నేల దాకా వెళ్లిపోయింది. బస్సు వెనక అద్దం పెద్దదవుతూ వస్తోంది. రెండో గేరు, మొదటి గేరు లాగి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా ఎత్తుతూ, కొండ వైపు గట్టుకి రాసుకుంటూ ఆపాను. వెనక మా మేనకోడలు పాటలు వింటోంది, ఏం జరిగిందో ఆ పిల్లకి ఈరోజుకీ తెలియదు.

చల్లారాక డబ్బా మూత తీసి చూస్తే ఆయిలు టీ డికాషన్ రంగులో ఉంది. మార్చినట్టు రాశారు, మార్చలేదు. ఆ షెడ్డు పేరు చెప్పను, కరపత్రం తగాదా కోసం వేసింది కాదు. జరిగింది మాత్రం ఇది. బ్రేక్ ఆయిలు గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. మన డెల్టాలో చెమ్మకి కరువా? కొత్త డాట్ 4 ఆయిలు 230 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ తాగిన ఆయిలుకి లెక్క 155 దగ్గరే. ఘాట్ దిగేటప్పుడు ప్యాడ్లు ఆ వేడిని చిటికెలో దాటిస్తాయి. ఆయిలు మరిగి బుడగలొస్తాయి. బుడగ నలుగుతుంది, ఆయిలు నలగదు. కాలు నొక్కింది బుడగనే, బ్రేకుని కాదు. బండి తిరిగినా నిలబడినా చెమ్మ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. అందుకే దీనికి కిలోమీటర్ల లెక్క కాదు, రెండేళ్ల లెక్క.

ఇంటికి ముప్పై కిలోమీటర్ల లోపల ఒక్క దిబ్బ కూడా లేని చోట పుట్టి పెరిగాం. మనకి పల్లం తెలియదు. తిరుమల, శ్రీశైలం, కోటప్పకొండ ఎక్కడైనా ఒకటే మాట: ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో దించితే డీజిలు మిగులుతుందని చెప్పినవాడి కారు ఎక్కకండి. ఇంకోటి, షెడ్డులో బండి వదిలేసి టీకి పోకుండా పక్కన నిలబడండి. పాత ఆయిలు, పాత ఫిల్టరు, పాత ప్యాడ్లు చేతికివ్వమని అడగండి. నిజాయితీ ఉన్న మెకానిక్ దానికి నొచ్చుకోడు, మనూళ్లో అలాంటి మంచివాళ్లున్నారు.

నిలబడ్డ కారు, ఆడుకునే పిల్లలు

2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ నిలబడి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు లాక్ పడిపోయాయి. బయటికి రాలేక ఊపిరాడక నలుగురూ చనిపోయారు. ఎండలో మూసిన కారు పది పదిహేను నిమిషాల్లో పొయ్యిలా మారుతుంది, అద్దం కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా రాదు. వేసవి సెలవుల్లో మన ప్రతి వీధిలో ఇదే దృశ్యం: చెట్టు కింద తాళం వెయ్యని కారు, చుట్టూ దాగుడుమూతలు. ఇంటి ముందే ఉంది కదా అని తాళం వెయ్యకుండా లోపలికి పోకండి. తాళం చెవి పిల్లలకి అందనిచోట పెట్టండి. పిల్లలకి హారన్ ఎక్కడుందో చూపించండి, లోపల ఇరుక్కుంటే ఆపకుండా కొట్టమనండి. చాలా బండ్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది. మీ బండిలో మోగుతుందో లేదో ఈ ఆదివారమే చూసుకోండి.

రైతన్నలకి ఒక మాట, కోపగించుకోకండి

నాకూ రెండెకరాలుంది. కళ్లాలు లేవు, తేమ శాతం ఎక్కువుంటే వడ్లు కొనరు, రోడ్డు మీద ఆరబొయ్యక ఎక్కడ ఆరబోస్తాం? ఆ బాధ తెలిసే రాస్తున్నాను. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి గారి బండి రోడ్డు మీది వడ్ల కుప్పని తప్పించబోయి బోల్తా కొట్టింది. ఎన్నికల ప్రచారం నుంచి తిరిగొస్తున్నారు. సీటు బెల్టు లేక బయటికి విసిరేసినట్టు పడిపోయారు, మర్నాడు హైదరాబాదులో కన్నుమూశారు. అంత పెద్ద బండి, అంత పెద్ద మనిషి, మన గుమ్మం ముందు ఉండేలాంటి ఒక కుప్ప.

కాబట్టి ఆరబొయ్యండి, కానీ రోడ్డుకి ఒక వైపే. రెండో వైపు పూర్తిగా వదిలెయ్యండి. మలుపులో, కల్వర్టు మీద వద్దు. పొద్దుగూకేలోపు ఎత్తి, పట్టా కప్పి, రోడ్డు దింపుకి లాగండి. నల్ల బరకం మీద నల్ల రాళ్లు రాత్రిపూట దేవుడికి కూడా కనపడవు. పక్కన కర్ర పాతి తెల్ల యూరియా సంచి కట్టండి. కుప్ప ఎత్తేశాక చుట్టూ పెట్టిన రాళ్లు కూడా ఎత్తండి. వాటిని అక్కడే వదిలేసి పోవడం మన ఊళ్ల ఆచారమైపోయింది, మోటారు సైకిలు కుర్రాళ్ల ప్రాణాలు తీసేవి ఆ రాళ్లే. ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించండి. గడ్డి లోడు కిందికి వేలాడి వెనక దీపాన్ని కప్పేస్తే దీపం ఉన్నా లేనట్టే.

ఫిబ్రవరి, మార్చిలో మినుము, పెసర రోడ్డు మీద పరిచి కార్లతో తొక్కించుకోవడం ఇంకో సంగతి. కారు నడిపేవాళ్లారా, ఆ కట్టె మీద మెల్లగా పోండి, అక్కడ ఆపకండి. తీగలు చక్రాల ఇరుసుకి చుట్టుకుని బ్రేకు వైర్లు తెంపుతాయి. ఎండిన పొట్టు సైలెన్సర్‌కి అంటుకుంటే నిప్పు రాజుకోవడానికి క్షణం చాలు. తొక్కించి దాటాక రోడ్డు పక్కన ఆగి కిందికి వంగి చూసి, ఇరుక్కున్నది లాగెయ్యండి.

కాలువ

మన కాలువ కట్టలు ఒకప్పుడు పడవలు లాగే మనుషులు నడిచిన దారులు. కొమ్మమూరు కాలువ మీద మద్రాసు దాకా సరుకు పోయేది. ఇప్పుడు ఆ కట్టల మీదే ఎనభై మీద కార్లు పోతున్నాయి, పక్కన అడ్డం లేదు, గోడ లేదు, నీళ్లొదిలిన నెలల్లో అంచు దాకా కాలువ. ఎదుటివాడు లైట్లు కళ్లలో కొడితే కుడి వైపు చూడకండి, ఎడమ అంచు గీతో గడ్డో చూస్తూ వేగం తగ్గించండి. మీరు కూడా డిప్ చెయ్యండి. "వాడు చెయ్యలేదు, నేనెందుకు చెయ్యాలి" అనే పంతానికి రెండు కుటుంబాలు పోతాయి. కరకట్ట మీద కొల్లూరు నుంచి రేపల్లె వైపు రాత్రిపూట పోయేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

పొరపాటున బండి నీళ్లలో పడితే ఫోను తియ్యకండి, తలుపుతో కుస్తీ పట్టకండి. బయట నీళ్ల ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. మీకున్నది ఒక్క నిమిషం. బెల్టు విప్పుకోవాలి, అద్దం దించాలి, పిల్లల్ని ముందు బయటికి తొయ్యాలి, వెనకే మీరు రావాలి. అద్దాల మోటారు కాసేపు పనిచేస్తుంది, ఆ కాసేపే మీ అదృష్టం. దిగకపోతే పక్క అద్దాన్ని మూలలో కొట్టండి, ముందు అద్దాన్ని కాదు. ముందుది రెండు పొరలు అంటించింది, పగిలినా ఊడి రాదు. కారులో అద్దం పగలగొట్టే చిన్న సుత్తి పెట్టుకోండి, డిక్కీలో కాదు, సీటు పక్కన. ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరి చేతా ఒకసారి పలికించండి.

రోడ్డు మీద పారే నీళ్లలోకి బండి దించే ముందు 2023 డిసెంబరు 5 గుర్తు తెచ్చుకోండి. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రోడ్డెక్కడో మురుగు కాలువెక్కడో తెలియలేదు ఆరోజు. సగం చక్రం మునిగే పారుడు నీళ్లు చిన్న కారుని పక్కకి తోసెయ్యగలవు. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సైలెన్సర్ గొట్టం కాదు, గాలి పీల్చే గొట్టం గుండా నీళ్లు సిలిండర్లోకి పోతాయి. నీళ్లు నలగవు, లోపలి రాడ్లు వంగిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, నీళ్లు తగ్గాక ఆత్రంగా తాళం తిప్పి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. తోసి బయటికి తెచ్చి, తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్లడమే. ఇన్సూరెన్సులో ఇంజన్‌కి వేరే రక్షణ ఉంటే తప్ప ఇలాంటి నష్టానికి డబ్బు రావడం కష్టం. మన ఊరు డెల్టాలో ఉంది, రెన్యువల్ రోజున ఆ ఒక్క ప్రశ్న అడగండి.

వెనక సీటులో కూర్చునేవాళ్లకి

"వెనక బెల్టు ఎందుకండీ" అని నన్ను అడగని సవారీ లేదు. 2022 సెప్టెంబరు 4న టాటా సంస్థకి ఒకప్పుడు అధిపతిగా ఉన్న సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర చనిపోయింది వెనక సీటులోనే, బెల్టు లేకుండానే, ప్రపంచంలో గట్టిదనే పేరున్న కారులో. ముందు సీటు సంగతీ అంతే: సినిమా నటుడు నందమూరి హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర అన్నెపర్తిలో పోయారు. తెల్లవారుజామున బయల్దేరి తనే నడుపుకుంటూ నెల్లూరు వైపు ఒక పెళ్లికి పోతున్నారు. ఊరంతా ఆరోజు టీవీల ముందు ఏడ్చింది. మర్నాడు ఎంతమంది బెల్టు పెట్టుకున్నారో నేను లెక్కపెట్టాను, ఆ లెక్క ఇక్కడ రాయను.

యాభై కిలోమీటర్ల వేగంలో గుద్దుకోవడమంటే మూడంతస్తుల మేడ మీంచి పడ్డట్టు. ఆ దెబ్బకి ఒళ్లో ఉన్న పది కిలోల పాప రెండు వందల కిలోల బరువుతో ముందుకి పోతుంది. అంటే దాదాపు మూడు వడ్ల బస్తాలు. మీ చేతులు మూడు బస్తాల్ని ఆపగలవా? ముందు సీటులో ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకోకండి. పసివాళ్లకి విడిగా సీటు కొనండి, వెండి మొలతాడు ఖరీదు కంటే ఎక్కువ కాదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టో ప్రత్యేక సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలోనే ఉంది. బెల్టు మోత వినపడకుండా ఖాళీ బిళ్ల గుచ్చుకునేవాళ్లు దాన్ని తీసి కాలువలో పారెయ్యండి. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే అదే మొహం పగలగొడుతుంది. ముందు బంపర్‌కి కట్టించిన స్టీలు కమ్ములు కూడా తీయించండి. వాటిని 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. దెబ్బ తగిలిన సంగతి ఎయిర్‌బ్యాగ్‌కి సరిగ్గా చేరనివ్వవు అవి.

పక్కమాట: కూడలిలో నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేసేవాళ్లు మన దగ్గర ఎక్కువయ్యారు. పక్క నుంచొచ్చేవాడికి ఒక వైపు దీపమే కనపడుతుంది, మీరు తిరుగుతున్నారనుకుని ముందుకొచ్చేస్తాడు. ఆ నాలుగు దీపాలు ఆగిపోయిన బండికి.

పెళ్లి పెద్దలకి, డ్రైవర్ల తరఫున

డ్రైవర్‌కి అందరికంటే ఆఖరున అన్నం పెట్టే అలవాటు మానండి. ముందు పెట్టండి, తర్వాత రెండు గంటలు ఒరిగే చోటు చూపించండి. తిరపతి ప్రయాణం రాత్రి పదకొండింటికే మొదలవ్వాలని ఏ శాస్త్రంలో ఉంది? రాత్రి రెండు నుంచి అయిదు దాకా కునుకు మహా గట్టిది. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు. ఎనభైలో పోయే బండి ఒక్క సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకు, ఒక పొలం దాటేసినట్టే. మీ కొడుకో అల్లుడో నడుపుతున్నా ఇదే లెక్క. రక్తంలో నూరు మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉంటే మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. విందులో మందు పోసే చేత్తోనే తాళాలు తీసుకుని దాచే బాధ్యత కూడా పిలిచినవాళ్లదే.

ప్రమాదం కళ్లబడితే ఫోటోలు తియ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఆస్పత్రికి చేర్చినవాణ్ణి పోలీసులు, కోర్టులు వేధించకూడదని మోటారు వాహన చట్టం 134ఎ సెక్షనులో రాసి ఉంది. పేరు చెప్పమని బలవంతం కూడా చెయ్యకూడదు. దెబ్బ తగిలినవాళ్లకి మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు కట్టనక్కర్లేని వైద్యం 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బు లేదని ఎవరినీ రోడ్డు పక్కన వదిలి వెళ్లక్కర్లేదు.

ఆదివారం ఏడింటికి మీ ఇంటి ముందు బానెట్ ఎత్తి కనపడితే నేనే ఆగుతాను, ఆ పుల్ల ఎలా తియ్యాలో, స్టిక్కర్ ఎక్కడుందో చూపిస్తాను. టీ ఇవ్వండి చాలు. మాతో పాటు తిరిగే నలుగురు డ్రైవర్లు కూడా తలా ఒక బజారు చూస్తామన్నారు. పక్కింట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండి, కారు అమెరికాలో ఉన్న కొడుకు కొనిచ్చిందైతే, ముందు అక్కడికి వెళ్లండి. ఆ కార్లే ఊళ్లో అందరికంటే ఎక్కువ కాలం నిలబడ్డవి.

ఈ కాగితం పకోడీల పొట్లానికి ఇవ్వకండి. వెనక వైపు కావాలనే ఖాళీగా వదిలాం. నాలుగు టైర్ల గాలి, స్టెప్నీ గాలి, టైరు మీది నాలుగంకెలు, బ్రేక్ ఆయిలు మార్చిన తేదీ రాసి డ్యాష్‌బోర్డు గూట్లో పెట్టుకోండి. పెన్ను లేకపోతే నా జేబులో ఉంటుంది.

ఇట్లు
చుండూరు అద్దె కారు డ్రైవర్లు